తెలుగు పత్రికా సంపాదకుని భద్రత: 'వివేకవర్ధని' నుండి 'ఇమ్రోజ్' వరకు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు పత్రికారంగ చరిత్రలో సంపాదకుల ధైర్యసాహసాలకు దక్కిన స్థానం వారి భద్రతకు దక్కలేదు. ఫలానా సంపాదకుడు జైలుకు వెళ్లారని, ఫలానా పత్రికను ప్రభుత్వం మూయించిందని, ఫలానా రచయిత కత్తులకు బలయ్యారని చరిత్రకారులు నమోదు చేశారు. ఆ ఆపద రాకముందు వారిని కాపాడడానికి ఏమి ఉండేది, వచ్చిన తరువాత ఎవరు నిలబడ్డారు, దాని భారం ఇంటిలో ఎవరిమీద పడింది అనే ప్రశ్నలు మాత్రం సాధారణంగా జీవిత చరిత్రల అంచులలోనే ఉండిపోయాయి.

ఈనాడు పత్రికా రచయితల భద్రతను న్యాయపరమైన, భౌతికమైన, మానసికమైన, అంతర్జాల సంబంధమైన భద్రత అని నాలుగు విధాలుగా విభజించి చూస్తున్నారు. ఐక్యరాజ్యసమితి 2012లో పత్రికా రచయితల భద్రతకు ఒక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. ఆ తరువాత నవంబరు 2ను వారిపై జరిగే నేరాలకు శిక్ష పడకపోవడాన్ని నిరసించే దినంగా ప్రకటించింది. ఈ విభజన కొత్తదే అయినా అది సూచించే ఆపదలు కొత్తవి కావు. పై నాలుగింటిలో మొదటి మూడు తెలుగు పత్రికల తొలి దశలోనే కనిపిస్తాయి. నాలుగవదైన అంతర్జాల ఆపద కూడా ఆ మూడింటి కలయికగా ఏర్పడినదే. ఈ దృష్టితో వీరేశలింగం 'వివేకవర్ధని', గాడిచర్ల హరిసర్వోత్తమరావు 'స్వరాజ్య', సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక', షోయబుల్లాఖాన్ 'ఇమ్రోజ్' అనే నాలుగు పత్రికల అనుభవాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వీటిలో చివరిది ఉర్దూ పత్రిక. అయినా హైదరాబాదు సంస్థానంలోని తెలుగు ప్రజల రాజకీయ చరిత్రతో దానికి విడదీయరాని సంబంధం ఉన్నందున దానిని ఇక్కడ చేర్చడం సమంజసం.

1. పేరు, చిరునామా: 1867 చట్టం

భారతదేశంలో పత్రికా రచయిత భద్రతకు సంబంధించిన చర్చ 1867 నాటి ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టంతో మొదలుపెట్టడం ఉచితం. అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రాపకుని పేరు, ముద్రణ స్థలం ఉండాలని ఈ చట్టం విధించింది. పత్రికను ముద్రించేవారు, ప్రచురించేవారు మేజిస్ట్రేటు ఎదుట ప్రకటన పత్రం దాఖలు చేయవలసి ఉండేది. తరువాత ఏదైనా అభియోగం వస్తే ఆ పత్రమే వారిపై సాక్ష్యం అయ్యేది. పైకి ఇది నమోదుకు సంబంధించిన సాధారణ నిబంధనగా కనిపించినా, ఆచరణలో పత్రిక నడిపే వ్యక్తి పేరును, ఉనికిని ప్రభుత్వానికీ ప్రత్యర్థులకూ ఒకేసారి తెలియజేసే ఏర్పాటు.

ఈ చట్టంలో గమనించదగిన మరొక అంశం ఉంది. పత్రికపై సంపాదకుని పేరు విధిగా ముద్రించాలనే నిబంధన 1922 సవరణతో వచ్చింది. అంతకుముందు చట్టం దృష్టి ప్రధానంగా ముద్రాపకునిపైనా ప్రచురణకర్తపైనా ఉండేది. కనుక రాసిన వ్యక్తితో పాటు, కొన్నిసార్లు అతనికంటే ముందుగా, అచ్చువేసిన వ్యక్తి శిక్షకు గురయ్యే పరిస్థితి ఉండేది. తెలుగు పత్రికా చరిత్రలలో ముద్రాపకుల, అక్షరాలు కూర్చే కార్మికుల త్యాగానికి తగిన స్థానం దొరకకపోవడం ఈ కోణంలో పెద్ద లోటు.

పేరు నమోదు చేయించుకున్న ప్రభుత్వం పత్రికలోని రాతలను కూడా గమనించేది. మద్రాసు ప్రభుత్వం దేశభాషా పత్రికలలోని ముఖ్య భాగాలను ఇంగ్లీషులోకి అనువదింపజేసి నివేదికలుగా కూర్పించేది. తెలుగు తెలిసిన ఉద్యోగులే తెలుగు సంపాదకుల వాక్యాలను ఏరి అధికారుల ముందు పెట్టేవారు. అసలు సంచికలు లభించని పత్రికల విషయంలో నేటి పరిశోధకులకు ఆ నివేదికలే ఆధారం కావడం ఒక చారిత్రక వైచిత్రి. నిఘా కోసం కూర్చిన కాగితాలు చరిత్రకు దస్తావేజులయ్యాయి.

2. 'వివేకవర్ధని': వెలి అనే ఆయుధం

1874లో కందుకూరి వీరేశలింగం స్థాపించిన 'వివేకవర్ధని' ఒకవైపు న్యాయస్థానాలలోని, కచేరీలలోని లంచగొండితనాన్ని, మరొకవైపు వేశ్యాలోలత్వం, బాల్యవివాహాలు వంటి సాంఘిక దురాచారాలను విమర్శించింది. మొదట చెన్నపట్నంలో అచ్చయిన ఈ పత్రిక కోసం తరువాత రాజమహేంద్రవరంలోనే ముద్రణాలయం ఏర్పడింది. సొంత ముద్రణాలయం సౌకర్యం మాత్రమే కాదు, రక్షణ కూడా. ఇతరుల యంత్రంపై ఆధారపడే సంపాదకుని ఆపడానికి ఆ యంత్రం యజమానిని బెదిరిస్తే చాలు.

వీరేశలింగం ఎదుర్కొన్న ఆపద ప్రధానంగా ప్రభుత్వం నుండి వచ్చినది కాదు. పత్రికలో రాసిన మాటను ఆచరణలో పెట్టి 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు సమాజం వెలి అనే ఆయుధాన్ని ప్రయోగించింది. వివాహానికి పోలీసు బందోబస్తు అవసరమయింది. విద్యార్థులు అండగా నిలిచారు. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. బంధువులు, పురోహితులు, వంటవారు, నీళ్లు తెచ్చేవారు దూరమయ్యారు.

ఈ సందర్భంలో భద్రత అనే మాటకు కావలసిన నిర్వచనం రాజ్యలక్ష్మమ్మ జీవితంలో లభిస్తుంది. వంటమనిషి, నీళ్లమనిషి మానివేసినప్పుడు ఆమె స్వయంగా గోదావరి నుండి నీళ్లు తెచ్చి, వచ్చినవారికి వండిపెట్టారు. ఆశ్రయం కోరి వచ్చిన వితంతువులను ఇంటిలో ఉంచుకొని కన్నబిడ్డలవలె చూసుకున్నారు. సంస్కర్త రచనను కొనసాగించగలగడానికి ఆమె మోసిన బిందెలు కూడా కారణమే. సాహిత్య చరిత్ర ఆమెను 'సహధర్మచారిణి' అనే గౌరవవాచకంతో స్మరించింది. అది గౌరవమే అయినా ఆమె చేసినది పత్రికా సంపాదకుని రక్షణకు సంబంధించిన పని అనే వాస్తవాన్ని ఆ పదం కప్పివేసింది. నేడు మానసిక భద్రత పేరుతో చర్చిస్తున్న విషయంలో అధికభాగం, అంటే ఒంటరితనం, నింద, బంధువుల నిరాకరణ, వాటిని తట్టుకోవడానికి కావలసిన ఆత్మీయుల వలయం, 1880ల రాజమహేంద్రవరంలో ఒక ఇంటి వంటగదిలో స్పష్టంగా కనిపిస్తుంది.

3. 'స్వరాజ్య': చట్టం ముందు ఒక వ్యాసం

వీరేశలింగానికి సమాజం ప్రత్యర్థి అయితే హరిసర్వోత్తమరావుకు రాజ్యమే ప్రత్యర్థి. వందేమాతరోద్యమ కాలంలో, 1907లో బిపిన్‌చంద్రపాల్ ఆంధ్రదేశ పర్యటన ప్రభావంతో ఆయన రాజమహేంద్రవరం శిక్షణ కళాశాల నుండి బహిష్కృతులయ్యారు. 1908లో బెజవాడ నుండి 'స్వరాజ్య' వారపత్రికను ప్రారంభించారు. అదే సంవత్సరం మార్చిలో తిరునల్వేలిలో చిదంబరం పిళ్లై అరెస్టు అనంతరం జరిగిన పోలీసు కాల్పులను ఖండిస్తూ ఆ పత్రికలో వచ్చిన వ్యాసంపై ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపింది. సంపాదకునితో పాటు ప్రచురణకర్త కూడా విచారణను ఎదుర్కొన్నారు. హరిసర్వోత్తమరావుకు అంతిమంగా మూడు సంవత్సరాల కఠిన కారాగార శిక్ష పడింది. పత్రిక ఆగిపోయింది.

శిక్షాస్మృతిలోని 124-ఎ విభాగం 1870లో చేరింది. 1898లో దాని పరిధి విస్తరించింది. ఆ విభాగం కింద ప్రవాస శిక్ష గాని, మూడేళ్ల వరకు కారాగారం గాని విధించవచ్చు. తిలక్‌కు అదే 1908లో ఆరేళ్ల ప్రవాస శిక్ష పడింది. తెలుగు సంపాదకునికి పడినది కారాగార శిక్షలో గరిష్ఠ పరిమితి. నెలల వయసు కూడా నిండని ఒక ప్రాంతీయ వారపత్రికలోని ఒక్క వ్యాసానికి ఆ శిక్ష విధించడంలోని ఉద్దేశం ఒక వ్యక్తిని దండించడంతో ఆగేది కాదు. ఇతర పత్రికలకు అది హెచ్చరిక.

ఈ ఉదంతంలో ఒక లోపం ప్రస్ఫుటంగా కనబడుతుంది. ముంబై, కలకత్తా పత్రికలకు అప్పటికే న్యాయవాదుల అండ, చందాలతో ఏర్పడే సహాయనిధి అనే సంప్రదాయం కొంత ఏర్పడింది. బెజవాడలో కొత్తగా పుట్టిన వారపత్రిక వెనుక అటువంటి వ్యవస్థ లేదు. జైలు నుండి వచ్చిన సంపాదకునికి సమాజం 'ఆంధ్ర తిలక్' అనే బిరుదు ఇచ్చింది. బిరుదు కీర్తిని కాపాడుతుంది గాని పత్రికను తిరిగి నిలబెట్టదు. తరువాతి కాలంలో ఆయన గ్రంథాలయోద్యమంలో, వయోజన విద్యాకృషిలో తెలుగునాట చిరస్మరణీయమైన సేవ చేశారు. దేశం ఒక గొప్ప విద్యా కార్యకర్తను పొందింది. అదే సమయంలో తెలుగు భాష ఒక పత్రికను కోల్పోయింది. ఈ రెండింటినీ కలిపి చెప్పినప్పుడే ఆ శిక్ష ఫలితం పూర్తిగా అర్థమవుతుంది.

4. ధరావతు, శైలి

1910 నాటి పత్రికా చట్టం శిక్ష స్వరూపాన్ని మార్చింది. కొత్తగా ముద్రణాలయం పెట్టేవారి నుండి 500 నుండి 2000 రూపాయల వరకు ధరావతు కోరే అధికారం మేజిస్ట్రేటుకు లభించింది. అభ్యంతరకరమైనది అచ్చయిందని భావిస్తే ప్రభుత్వం ఆ మొత్తాన్ని జప్తు చేయవచ్చు. మళ్లీ నడపాలంటే 10000 రూపాయల వరకు కట్టవలసి రావచ్చు. ఆనాటి చిన్న పత్రికకు ఇది ప్రాణాంతకమైన మొత్తం. సంపాదకుని దేహానికి బదులు ముద్రణాలయపు పెట్టుబడి బందీ అయింది. సప్రూ సంఘం సిఫారసులపై ఈ చట్టం 1922లో రద్దయినా, శాసనోల్లంఘన కాలంలో 1931 అత్యవసర అధికారాల చట్టం ధరావతు పద్ధతిని తిరిగి తెచ్చింది.

ఈ పరిస్థితి తెలుగు వచనశైలిపై చూపిన ప్రభావం సాహిత్య పరిశోధకులకు ఆసక్తికరమైన విషయం. 1907 నుండి 1945 వరకు ముట్నూరి కృష్ణారావు 'కృష్ణాపత్రిక' సంపాదకత్వం వహించారు. ఆయన సంపాదకీయాలలో వేదాంత పరిభాష, పురాణ ప్రతీకలు, ధ్వనిప్రధానమైన వాక్యాలు విరివిగా కనిపిస్తాయి. దీనికంతటికీ చట్టమే కారణమనడం అతిశయోక్తి. ఆయన చింతన, అభిరుచి అందుకు మూలం. అయితే నేరుగా చెప్పిన మాటపై కేసు పెట్టడం సులభమైన కాలంలో, ధ్వనిగా చెప్పిన మాట పాఠకునికి అందుతూ న్యాయస్థానానికి చిక్కకుండా ఉండగలదు. ఆ వచనం సౌందర్యాన్ని వివరించే విమర్శ, అది పత్రికకు కల్పించిన రక్షణను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పరాయి రాజ్యంలో వ్యంజన అలంకారశాస్త్ర విషయంగా మాత్రమే మిగలదు, బతుకుదెరువు కూడా అవుతుంది.

5. 'గోలకొండ పత్రిక': సంయమనం ఒక వ్యూహం

నిజాం రాష్ట్రంలో పరిస్థితి భిన్నం. అక్కడ బ్రిటిషు న్యాయస్థానాల విచారణ పద్ధతి కూడా పూర్తిగా వర్తించేది కాదు. ప్రభుత్వ ఉత్తర్వుతో పత్రికను నిలిపివేయవచ్చు. 1922లో నల్లగొండ నుండి 'నీలగిరి', ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరుల 'తెనుగు' వెలువడి, ఎక్కువకాలం నిలవలేకపోయాయి. 1926 మే 10న ప్రారంభమైన 'గోలకొండ పత్రిక' మాత్రం నిలిచింది. నిలవడమే దాని తొలి విజయం.

సురవరం ప్రతాపరెడ్డి పాటించిన సంయమనాన్ని కొందరు మితవాదంగా భావించారు. భద్రతా దృష్టితో చూస్తే అది ఆలోచించి ఎంచుకున్న మార్గంగా కనిపిస్తుంది. ఆయన నేరుగా సింహాసనాన్ని లక్ష్యం చేసుకోలేదు. భాష, విద్య, గ్రంథాలయాలు, వెట్టిచాకిరీ, గ్రామాధికారుల దౌర్జన్యం వంటి నిర్దిష్ట విషయాలను తీసుకున్నారు. పలు మారుపేర్లతో రచనలు చేశారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. ఈ సంచికను సాహిత్య గౌరవానికి సంబంధించిన ఘట్టంగా చదవడం రివాజు. పత్రికా భద్రత దృష్టిలో దానికి మరో అర్థం ఉంది. తమ పేర్లతో, ఊళ్లతో ఇంతమంది ఒక పత్రిక వెనుక నిలబడినప్పుడు, ఆ పత్రికను మూయడం ఒక వ్యక్తి నోరు మూయడంగా కాక ఒక ప్రజాసమూహంతో తగవుగా మారుతుంది. రాచరికం చట్టపరమైన రక్షణ ఇవ్వని చోట పాఠకుల, రచయితల విస్తృతి రక్షణగా పనిచేసింది.

6. 'ఇమ్రోజ్': బెదిరింపు నుండి హత్య వరకు

షోయబుల్లాఖాన్ వరంగల్ ప్రాంతంలో 1920లో జన్మించారు. ఆయన పనిచేసిన వారపత్రికను ప్రభుత్వం నిలిపివేసింది. తరువాత మందుముల నర్సింగరావు 'రయ్యత్'లో చేరారు. అదీ ప్రభుత్వ ఆగ్రహానికి గురై ఆగిపోయింది. అనంతరం 1947 నవంబరులో సొంతంగా 'ఇమ్రోజ్' దినపత్రికను స్థాపించారు. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని, రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలని ఆ పత్రిక రాసింది. 1948 ఆగస్టులో విలీనాన్ని కోరుతూ కొందరు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను అచ్చువేసింది. ఆ నెలలోనే రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ తమకు వ్యతిరేకంగా లేచే చేతులు నరకబడతాయన్న అర్థంలో బహిరంగసభలో ప్రసంగించారు. షోయబుల్లాఖాన్‌కు బెదిరింపు లేఖలు కూడా అందాయి. ఆగస్టు 21 అర్ధరాత్రి కార్యాలయం నుండి ఇంటికి నడిచి వెళుతుండగా దుండగులు ఆయనపై కాల్పులు జరిపి చేతులు నరికారు. వెంట ఉన్న బంధువు కూడా తీవ్రంగా గాయపడ్డారు. తెల్లవారుజామున షోయబుల్లాఖాన్ మరణించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మరో నెల గడవకముందే, సెప్టెంబరు 17న, హైదరాబాదు సంస్థానం లొంగిపోయింది.

ఈ హత్య అకస్మాత్తుగా జరిగినది కాదు. దాని క్రమాన్ని పరిశీలిస్తే నాలుగు మెట్లు కనిపిస్తాయి. మొదట ప్రభుత్వం వరుసగా పత్రికలను మూసివేసి ఆయన రాసే వేదికలను లాగివేసింది. రెండవది, వేదికపై నుండి పేరు లేకుండా చేసిన సాధారణ బెదిరింపు. మూడవది, ఆయన చిరునామాకే వచ్చిన లేఖలు. నాలుగవది, నిత్యం నడిచే దారిలో మాటు. చివరి మెట్టుకు ముందున్న మూడూ బహిరంగంగానో, తెలిసిన మనుషుల మధ్యనో జరిగినవే. అయినా రాత్రిపూట ఆయన నడక దారి మారలేదు, రక్షణ కల్పించవలసిన రాజ్యం రక్షణ కల్పించలేదు. సంపాదకుడు, యజమాని, ప్రధాన రచయిత ఒక్కరే అయిన పత్రికలో ఆయనను ఆగమని, దారి మార్చమని ఆదేశించగల సంస్థ కూడా లేదు.

షోయబుల్లాఖాన్‌ను అమరునిగా స్మరించడం సముచితం. అయితే ఆయన మరణాన్ని ధైర్యానికి సహజమైన ముగింపుగా చిత్రించే ధోరణి ప్రమాదకరం. ఆ ధోరణిలో హంతకుల బాధ్యత, రాజ్యం బాధ్యత వెనక్కి పోయి, మరణం సత్యవాక్కుకు చెల్లించవలసిన మూల్యంగా స్థిరపడుతుంది. నరికిన చేతులు ప్రతీకగా మారకముందు అవి ఒక యువ రచయిత చేతులు.

7. స్వాతంత్ర్యానంతరం, అంతర్జాల యుగం

రాజ్యాంగం అమలులోకి వచ్చిన ఏడాదే, 1950లో, 'క్రాస్‌రోడ్స్' పత్రికపై మద్రాసు ప్రభుత్వం విధించిన నిషేధాన్ని రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆనాడు ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. మరుసటి సంవత్సరం తొలి రాజ్యాంగ సవరణ ఆంక్షల పరిధిని పెంచింది. 1955 నాటి పాత్రికేయుల చట్టం ఉద్యోగ భద్రతను చట్టబద్ధం చేసింది. కాని ప్రధాన వృత్తి పత్రికారచన అయినవారికే ఆ చట్టం వర్తించింది. జిల్లా అనుబంధాలు విస్తరించిన తరువాత మండలాలలో వార్తలు సేకరించే కంట్రిబ్యూటర్లలో చాలామంది ఆ గొడుగు బయటే మిగిలారు. 1985లో విజయవాడలో 'ఎన్‌కౌంటర్' పత్రిక సంపాదకుడు పింగళి దశరథరామ్ హత్య, స్వతంత్ర భారతంలోనూ చిన్న పత్రిక సంపాదకుడు ఒంటరివాడేనని గుర్తుచేసింది.

అంతర్జాలం ఈ చరిత్రను తుడిచివేయలేదు, దానిని వేగవంతం చేసింది. 1867 చట్టం పత్రికపై చిరునామా అచ్చువేయించింది. ఇప్పుడు ఇంటి చిరునామాను, ఫోను నంబరును, పిల్లల బడి వివరాలను ఎవరైనా క్షణంలో వేలమందికి చేర్చవచ్చు. వెలి నాడు ఒక ఊరికి పరిమితం. నేడు అది అపరిచితుల మూకుమ్మడి దూషణగా రాత్రింబవళ్లు చేతిలోని ఫోనులోకే వస్తుంది. యునెస్కో కోసం 2020లో జరిగిన అంతర్జాతీయ సర్వేలో పాల్గొన్న మహిళా పాత్రికేయులలో 73 శాతం అంతర్జాల హింసను ఎదుర్కొన్నామని, 20 శాతం అంతర్జాలంలో మొదలైన హింస బయట దాడిగానో వేధింపుగానో మారిందని చెప్పారు. రజ్వీ ప్రసంగం నుండి కాచిగూడ వీధి వరకు నడిచిన దారి ఈ రెండవ అంకెలో మళ్లీ కనిపిస్తుంది. న్యాయరంగంలోనూ కొనసాగింపు ఉంది. సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఎ విభాగాన్ని 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 124-ఎ కింద విచారణలను 2022 మేలో నిలుపుదల చేసింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహం అనే మాట లేదు. అయితే దేశ సార్వభౌమత్వానికి భంగం కలిగించే చర్యలకు సంబంధించిన 152వ విభాగం పరిధి విశాలమైనదే.

ముగింపు

పై పరిశీలన నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. న్యాయపరమైన, భౌతికమైన, మానసికమైన ఆపదలు విడివిడిగా రావు. పత్రికను మూయడం, నింద, బెదిరింపు, దాడి ఒకే వరుసలోని మెట్లు. కనుక తొలి మెట్టు దగ్గరే వాటిని గుర్తించి నమోదు చేయడం రక్షణకు మొదటి షరతు.

2. తెలుగు సంపాదకులు తమ రక్షణను చాలావరకు తామే కల్పించుకున్నారు. సొంత ముద్రణాలయం, మారుపేరు, ధ్వనిప్రధానమైన శైలి, విషయాల ఎంపికలో సంయమనం, రచయితల విస్తృత సమూహం అందుకు సాధనాలు. వీటిని సాహిత్య లక్షణాలుగా అధ్యయనం చేసినంతగా భద్రతా సాధనాలుగా అధ్యయనం చేయలేదు.

3. రక్షణ భారంలో పెద్ద భాగం పేరు లేనివారు మోశారు. ఇంటిలోని స్త్రీలు, ముద్రాపకులు, వెంట నడిచిన బంధువులు వారిలో ఉన్నారు. న్యాయస్థానాల తీర్పులలో, ముద్రణాలయాల ప్రకటన పత్రాలలో, జైలు రికార్డులలో, స్వీయచరిత్రలలో వారి జాడలను వెదకడం తెలుగు పత్రికా చరిత్ర ముందున్న పని.

4. ఒంటరిగా ఉన్న పత్రికలే త్వరగా కూలాయి. వెనుక సమూహం ఉన్న పత్రిక నిలిచింది. చట్టం తెలిసిన న్యాయవాది, బెదిరింపును తీవ్రంగా తీసుకునే సంస్థ, దూషణకు గురైన రచయితను ఒంటరిని చేయని సహోద్యోగులు నేటికీ అంతే అవసరం.

విశ్వవిద్యాలయ తెలుగు శాఖలలో పత్రికారచనను పాఠ్యాంశంగా చదివినవారిలో కొందరు ఆ వృత్తిలోకే వెళుతున్నారు. వారికి హరిసర్వోత్తమరావు శిక్షనూ షోయబుల్లాఖాన్ మరణాన్నీ ఆదర్శంగా చెప్పేటప్పుడు, ఆ శిక్ష పడకుండా, ఆ మరణం సంభవించకుండా ఉండడానికి ఏమి కొరవడిందో కూడా చెప్పడం అధ్యాపకుల బాధ్యత. త్యాగాన్ని గౌరవించే జాతి ఆ త్యాగం మళ్లీ అవసరం కాని పరిస్థితిని కోరుకోవాలి.